దుకాణం ఖాతా, ప్రకటన ఖాతా
(సికింద్రాబాద్ చిన్న వ్యాపారస్తుల కొరకు సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో అయ్యే దుబారా గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు మాకు వేరే పని అప్పగించారు. ఫేస్‌బుక్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, గూగుల్‌లోనూ మన వాళ్ళు ప్రకటనలు వేస్తున్నారు గదా, ఆ డబ్బు ఎలా పోతుందో, ఎవరి చేతిలో ఉంటుందో, లెక్క ఎలా ఉంచుకోవాలో చెప్పమన్నారు. ప్రకటన ఎంత అందంగా తయారు చేయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. దాని బిల్లు సంగతి చెప్పేవారు తక్కువ. అందుకని మేము బిల్లు దగ్గరే కూర్చుంటాము.

మన పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. జనరల్ బజారులో బట్టల కొట్టు పెట్టినవారు సినిమా హాల్లో స్లైడు వేయించేవారు. కొందరు ఆటోకు మైకు కట్టించి చిలకలగూడ నుండి బోయినపల్లి దాకా తిప్పేవారు. పేపరు వేసే కుర్రవాడికి నాలుగు డబ్బులిచ్చి కరపత్రాలు పేపరు మడతలో పెట్టించేవారు. డబ్బు ఒకసారి ఇచ్చాము, రసీదు పుచ్చుకున్నాము, అంతటితో సరి. నేటి ప్రకటన అలా కాదు. ఇది నల్లా వంటిది. తిప్పి వదిలేస్తే మనం నిద్రపోయినా పారుతూనే ఉంటుంది. కట్టేవాడు లేకపోతే డ్రమ్ము నిండి వీధిలోకి పోతుంది.

మొదట ఒక గందరగోళం తీర్చుకోవాలి. దుకాణం పేరు మీద ఉండే పేజీ వేరు, ప్రకటన ఖాతా వేరు. పేజీ అంటే బోర్డు. ప్రకటన ఖాతా అంటే గల్లా పెట్టె. బోర్డు మనదే అయినా గల్లా పెట్టె తాళం వేరేవాడి జేబులో ఉండవచ్చును. ఇది చాలామందికి తెలియదు. 'పేజీ నాదే గదా భాయి' అంటారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాము.

డబ్బు కట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి ముందుగా జమ చేసి, అది అయిపోయేదాకా ప్రకటన నడిపించుకోవటం. రెండవది వాడుక ఖాతా. కిరాణా కొట్టులో చిట్టీ మీద సామాను తెచ్చుకుంటాము చూడండి, 'వెయ్యి దాటితే కట్టెయ్యి భాయి' అంటాడు సేటు. అచ్చం అలాగే, ప్రకటన ఖర్చు ఒక గీత దాటగానే మన కార్డు నుండి డబ్బు గుంజుకుంటారు. గీత దాటకపోయినా నెలలో ఒక తేదీన మిగిలిన బాకీ గుంజుకుంటారు. కొత్త ఖాతాకు ఆ గీత తక్కువగా ఉంటుంది. నాలుగుసార్లు సక్రమంగా కడితే నమ్మకం పెరిగి గీతను పైకి జరుపుతారు. కొందరు దీన్ని గౌరవం అనుకొని సంతోషిస్తారు. సేటు అప్పు పరిమితి పెంచినప్పుడు మన అబ్బాజాన్ సంతోషించేవారా, జాగ్రత్తపడేవారా? ఒకసారి ఆలోచించండి.

మొదట ఏ పద్ధతి ఎంచుకుంటామో ఆ ఖాతాకు సాధారణంగా అదే నిలిచిపోతుంది. కనుక తొందరపడి, ముందు కనిపించిన కార్డు నంబరు కొట్టేయకూడదు.

ఇచ్చట 2021 సంవత్సరం నాటి సంగతి కొంత వివరంగా చెప్పవలసి యున్నది. ఎందుకంటే, 'నా కార్డులో డబ్బుంది, అయినా ప్రకటన ఆగిపోయింది' అని మన వాళ్ళు ఇప్పటికీ అడిగే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కార్డు మీద మళ్ళీ మళ్ళీ దానంతటదే జరిగే వసూళ్ళను రిజర్వు బ్యాంకు ఒక కట్టుబాటులోకి తెచ్చింది. ఉత్తర్వు 2019 ఆగస్టులోనే వచ్చినా, గడువు మీద గడువు ఇచ్చి, చివరకు 2021 అక్టోబరు 1 నుండి గట్టిగా అమలు చేశారు. దాని సారాంశం ఇదీ: ఖాతాదారు మొదట ఒకసారి ఓటీపీ కొట్టి అనుమతి ఇవ్వాలి. ప్రతి వసూలుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుండి కబురు రావాలి. ఒక పరిమితి దాటిన మొత్తానికి ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ పరిమితి అప్పుడు 5,000 రూపాయలు. 2022 జూన్‌లో 15,000 చేశారు.

ఇది మన మేలు కోసం చేసిన కట్టుబాటే. సినిమా చందాకో, బీమా కిస్తీకో ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ తేదీ, ఆ మొత్తం ముందే తెలుసు. కాని ప్రకటన బిల్లు సంగతి చూడండి. గీత ఎప్పుడు దాటుతుందో ఎవరికీ తెలియదు. మంగళవారం మధ్యాహ్నం దాటవచ్చు, అర్ధరాత్రి దాటవచ్చు. మరి 24 గంటల ముందు ఏమని కబురు పెడతారు? ఆ రోజుల్లో దేశమంతటా చిన్న ప్రకటనదారుల కార్డులు వరుసగా విఫలమైనవి. బ్యాంకు వారిని అడిగితే కంపెనీని అడగమన్నారు, కంపెనీ వారు బ్యాంకును అడగమన్నారు. (అదే అక్టోబరు చివరన ఫేస్‌బుక్ కంపెనీ తన పేరును మెటా అని మార్చుకున్నది. పేరు మారినందువల్లనే కార్డు పనిచేయటం లేదని మా పేటలో ఒకాయన చాలా కాలం వాదించారు.)

దీనికి తోడు ఇంకొక కట్టుబాటు ఉంది. 2020 అక్టోబరు 1 నుండి కొత్తగా ఇచ్చే కార్డులు ఏటీఎంలోనూ, దుకాణంలోని మిషను మీదనూ మాత్రమే పనిచేసే విధంగా వస్తున్నవి. ఆన్‌లైన్ వాడకం కావాలంటే ఖాతాదారు స్వయంగా బ్యాంకు యాప్‌లోనో, శాఖలోనో తెరిపించుకోవాలి. కనుక కార్డు విఫలమైతే ముందు చూడవలసింది ఇది. ఒకటే కార్డును పదిసార్లు కొట్టి చూడటం వల్ల లాభం లేదు. అనుమానం కలిగి ఖాతానే ఆపివేసే ప్రమాదం కూడా ఉంది. ఈ తలుపుకే ఇంకొక ఉపయోగం కలదు. ఆన్‌లైన్ వాడకానికి రోజు పరిమితి మనమే పెట్టుకోవచ్చు. అది రెండు వేలు అని పెట్టుకున్నవాడి కార్డు దొంగ చేతిలో పడినా, ఆన్‌లైన్‌లో ఆ రోజుకు పోయేది రెండు వేలే.

ఇన్ని విన్న తరువాత మా అభిప్రాయం దాచనక్కరలేదు. నెలకు పది, పదిహేను వేల లోపు ప్రకటన ఖర్చు ఉండే దుకాణానికి ముందుగా జమ చేసే పద్ధతే మంచిది. యూపీఐ ద్వారా, నెట్ బ్యాంకింగ్ ద్వారా జమ చేయవచ్చు. ప్రతిసారీ మన చేత్తో మనం కడుతున్నాము గనుక దానంతటదే జరిగే వసూలు గొడవ లేదు. బాకీ అన్నదే పుట్టదు. మనలో చాలామంది వడ్డీ కారణంగా క్రెడిట్ కార్డు ముట్టరు. వారికి ఈ పద్ధతిలో ఏ ఇబ్బందీ లేదు. లోపం ఒకటే: జమ అయిపోగానే ప్రకటన ఆగిపోతుంది. రంజాన్ చివరి పది రోజుల్లో, రాత్రి పదకొండు గంటలకు బజారు కిటకిటలాడుతున్నప్పుడు ఆగితే బాధగానే ఉంటుంది. దానికి మందు, అస్ర్ నమాజు తరువాత ఒకసారి మిగులు చూసుకోవటం. గల్లా రోజూ చూసుకునేవాడికి ఇది భారం కాదు.

ఇక పన్ను. మన దేశంలో ప్రకటన సేవ మీద జీఎస్టీ 18 శాతం. వెయ్యి రూపాయల ప్రకటనకు 1,180 రూపాయలు ఖర్చు. గూగుల్‌లో ముందుగా జమ చేసేవారికి ఇది తిరగేసి కనిపిస్తుంది. వెయ్యి జమ చేస్తే అందులో నుండి పన్ను 152 రూపాయల 54 పైసలు తీసి, 847 రూపాయల 46 పైసలు మాత్రమే ప్రకటనకు ఉంచుతారు. 'నూట యాభై రెండు రూపాయలు ఎవరో కొట్టేశారు' అని గాభరా పడి వచ్చినవారు ఉన్నారు. ఎవరూ కొట్టేయలేదు. అది సర్కారు వాటా.

జీఎస్టీ నంబరు ఉన్న దుకాణదారు ఆ నంబరును బిల్లింగ్ సెట్టింగులలో మొదటి రోజే రాయాలి. దుకాణం పేరు, చిరునామా జీఎస్టీ కాగితంలో ఎలా ఉన్నవో అలాగే రాయాలి. అప్పుడే బిల్లు వ్యాపారం పేరున వచ్చి, ఆ 18 శాతాన్ని తన పన్నులో తగ్గించుకునే హక్కు వస్తుంది. నెలలు గడిచాక పాత బిల్లుల మీద నంబరు వేయమంటే వేయించుకోవటం చాలా కష్టం. అయితే అందరికీ ఈ హక్కు లేదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న వారికి లేదు. 5 శాతం వసూలు చేసే హోటలు వారికీ లేదు. మన హలీం, బిర్యానీ భాయిలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. వారికి వెయ్యి రూపాయల ప్రకటన నిజంగా 1,180 రూపాయల ప్రకటనే. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, దాని ప్రకటన మీద పన్ను మినహాయింపు మాత్రం రాలేదు.

ఖర్చుకు కళ్ళెం వేయటం గురించి చెబుతాము. రోజుకు 300 రూపాయలు అని బడ్జెటు పెట్టినవారు రోజుకు సరిగ్గా 300 పోతాయనుకుంటారు. అలా కాదు. గిరాకీ ఉన్న రోజున ఎక్కువ, లేని రోజున తక్కువ ఖర్చు చేసే అధికారం ఆ యంత్రానికి ఉంటుంది. గూగుల్‌లో ఒక రోజున రెండింతల దాకా పోవచ్చు, కాని నెల మొత్తం మీద రోజు బడ్జెటుకు 30.4 రెట్లు దాటదు. మెటాలో వారం మొత్తం మీద ఏడు రెట్లు దాటదు. అంటే 300 పెట్టినవాడికి వారానికి 2,100. లెక్క వారానికి వేసుకోవాలి గాని, శుక్రవారం ఒక్కరోజు చూసి గుండెలు బాదుకోకూడదు.

ఇంతకంటే ముఖ్యమైన కళ్ళెం మెటా ఖాతాలో ఇంకొకటి ఉంది. మొత్తం ఖాతాకే ఒక ఖర్చు పరిమితి. పండుగకు ఆరు వేలు అనుకుంటే ఆరు వేలు అని రాసిపెట్టాలి. ఎన్ని ప్రకటనలు నడుస్తున్నా, అందరిదీ కలిపి ఆ సంఖ్య చేరగానే అన్నీ ఆగిపోతాయి. దాన్ని మనం పెంచేదాకో, తీసేసేదాకో కదలవు. వాడుక ఖాతా పద్ధతిలో ఉన్నవారు ఈ గడి ఖాళీగా వదిలిపెట్టటం మేము ఒప్పుకోము. అలాగే ప్రతి ప్రకటనకు ముగింపు తేదీ ఉండాలి. మొండా దగ్గర ఒక దుకాణంలో ఈద్ సేల్ ప్రకటన ఈద్ అయిన నెల తరువాత కూడా నడుస్తూ ఉండటం మేము చూశాము. సేల్ సరుకు అయిపోయింది, సేల్స్‌మన్ కుర్రాడు ఊరికి వెళ్ళిపోయాడు, ప్రకటన మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉంది.

ఐఫోను వాడేవారికి చిన్న మాట. ఫోనులోని యాప్ నుండే పోస్టును 'బూస్ట్' చేస్తే ఆపిల్ కంపెనీ 30 శాతం సేవా రుసుము వేస్తుందని 2024లో మెటా ప్రకటించింది. అమెరికాతో మొదలుపెట్టి మిగతా దేశాలకు విస్తరిస్తామన్నది. అదే పని కంప్యూటరులోనో, ఫోను బ్రౌజరులోనో చేస్తే ఆ రుసుము పడదు.

మన కుటుంబాలలో గల్ఫ్ సంబంధం లేని ఇల్లు అరుదు. దుబాయిలోనో, జెద్దాలోనో ఉన్న మేనల్లుడు ప్రేమ కొద్దీ, 'మామూజాన్, నేను చేసి పెడతా' అని అక్కడ కూర్చుని ఖాతా తెరుస్తాడు. ఖాతా దిర్హాములలోనో, రియాళ్ళలోనో తెరుచుకుంటుంది. గడియారం అక్కడి గడియారం అవుతుంది. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, జెద్దా రెండున్నర గంటలు వెనుక. రోజు బడ్జెటు మన అర్ధరాత్రికి కాక వారి అర్ధరాత్రికి మారుతుంది. యూపీఐ పనిచేయదు, మన జీఎస్టీ బిల్లు రాదు. కరెన్సీని, టైమును తరువాత దిద్దుకుందాములే అంటే కుదరదు. ఆ ఖాతా మూసి కొత్తది తెరవవలసిందే. మేనల్లుడి ప్రేమను కాదనవద్దు. ఫోటోలు అతనితోనే తీయించండి, రాతలు అతనితోనే రాయించండి. ఖాతా మాత్రం సికింద్రాబాదులో, రూపాయలలో, మీ ఎదుట తెరిపించండి.

ఇప్పుడు తాళం సంగతి. మేము ఈ ప్రసంగానికి ఒప్పుకోవటానికి అసలు కారణం ఇదే.

లాలాగూడ వైపు ఒక ఆపా ఇంట్లోనే బురఖాలు, పిల్లల బట్టలు కుట్టించి అమ్ముతారు. ఇద్దరు ఆడపిల్లలు, మగదిక్కు లేదు. నలుగురు ఆడవాళ్ళకు ఆ ఇంట్లో పని. రెండేళ్ళపాటు ప్రకటనల పని ఒక ఏజెన్సీ కుర్రవాడికి అప్పగించారు. నెలకు ఇంత అని అతని చేతికి ఇచ్చేవారు. అతను తన సొంత ప్రకటన ఖాతా నుండి, తన కార్డుతో నడిపేవాడు. ఎంత ప్రకటనకు పోయింది, ఎంత అతనికి మిగిలింది అన్నది ఆమె ఎన్నడూ చూడలేదు. రసీదు అడిగితే వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చేది. షాబాన్ నెలలో మాట తేడా వచ్చింది. అతను వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో ఎవరెవరు ఆమె ప్రకటన చూసి వాట్సాప్ చేశారో, ఏ బట్టకు గిరాకీ వచ్చిందో, ఆ చరిత్రంతా అతని ఖాతాలోనే ఉండిపోయింది. పేజీకి కూడా అతనే పెద్ద అధికారి. రంజాన్ ముందు ఆమె సున్నా నుండి మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ నలుగురిలో ఇద్దరికి ఆ ఏడాది పండుగ పని దొరకలేదు. మోసం అని పోలీసు దగ్గరకు పోవటానికి కాగితం ఒక్కటి లేదు. నిజానికి అతను చట్టం ప్రకారం ఏమి తప్పు చేశాడో చెప్పటం కూడా కష్టమే, ఎందుకంటే ఖాతా మొదటి నుండీ అతనిదే.

కనుక పద్ధతి ఇలా ఉండాలి. వ్యాపార ఖాతా యజమాని పేరున, యజమాని ఫోను నంబరు మీద తెరవాలి. పేజీ, ప్రకటన ఖాతా రెండూ దాని కింద ఉండాలి. ఏజెన్సీ వారిని భాగస్వామిగా చేర్చి ప్రకటనలు నడిపే అధికారం మాత్రం ఇవ్వవచ్చును. అందుకు పాస్‌వర్డు ఇవ్వనవసరం లేదు. పాస్‌వర్డే కావాలని పట్టుబట్టేవాడికి పని తెలియదనో, ఉద్దేశం మంచిది కాదనో అనుకోవాలి. ప్రకటన డబ్బు యజమాని యూపీఐ నుండి నేరుగా పోవాలి. కుర్రవాడి కూలి వేరే, ప్రకటన డబ్బు వేరే. రెండింటినీ ఒకే కవరులో పెట్టి ఇవ్వకండి. పూర్తి అధికారం ఇద్దరికి ఉండాలి, యజమానికీ, ఇంట్లో నమ్మకమైన ఇంకొకరికీ. ఒకరి ఫోను పోయినా, ఒకరు హజ్‌కు వెళ్ళినా దుకాణం ఆగకూడదు. పని మానేసిన వారి పేరును ఆ రోజే తీసేయాలి. ఇది అవమానం కాదు. దుకాణం తాళంచెవి తిరిగి తీసుకోవటాన్ని ఎవరైనా అవమానం అంటారా?

దొంగల గురించి క్లుప్తంగా. 'మీ పేజీ నిబంధనలు ఉల్లంఘించింది, 24 గంటలలో మూసేస్తాము, ఈ లింకు నొక్కండి' అని మెటా వారి పేరుతో మెసేజీలు వస్తాయి. లింకు నొక్కి పాస్‌వర్డు కొడితే, మన ఖాతా నుండి మన డబ్బుతో ఎవడి ప్రకటనలో నడుస్తాయి. రెండంచెల తాళం, అంటే లాగిన్‌కు పాస్‌వర్డుతో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు, ఈ రాత్రే పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు తెలియజేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాడి వల్ల నష్టం జరిగి, మూడు పని దినాలలో తెలియజేస్తే ఖాతాదారు మీద భారం లేదని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెప్పింది. ఓటీపీని మనమే చదివి చెప్పినవారికి ఈ రక్షణ అందటం కష్టం. ఏదైనా గంటలు లెక్క. 'పరువు పోతుంది, రేపు చూద్దాం' అనుకునే ఇళ్ళలోనే ఎక్కువ పోతుంది.

సంఘాల లెక్క గురించి కూడా ఒక మాట. మన సంఘం కూడా స్కాలర్‌షిప్పు దరఖాస్తుల కోసం ప్రకటన ఇస్తే, ఆ డబ్బు విరాళం ఇచ్చినవారిది. ఒక సభ్యుడు తన కార్డుతో కట్టి తరువాత తీసుకుంటాననటం మంచి మనసే గాని, మంచి లెక్క కాదు. ప్రతి నెలా మొదటి వారంలో ఖజాంచి గారు బిల్లింగ్ పేజీ నుండి రసీదులు దించి, ముద్రించి, ఫైలులో పెట్టాలి. ఆడిటరు అడిగినప్పుడు ఫోను చూపించే పరిస్థితి ఉండకూడదు.

సభలో వెనుక వరుస నుండి ఒక పెద్దామె అడిగిన ప్రశ్నను కార్యదర్శి గారు ఇందులో చేర్చమన్నారు. 'బేటా, మా ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, అది మా మనవడిది. అచారు నేను చేస్తాను, ఖాతా ఎవరి పేరున తీయాలి?' అని. మా జవాబు: అమ్మీ, బ్యాంకు ఖాతా మీ పేరున ఉంది గదా, ప్రకటన ఖాతా కూడా మీ పేరునే. సిమ్ము మీ పేరుతో తీసి మనవడి ఫోనులో రెండవ గడిలో వేయండి. మనవడిని రెండవ అధికారిగా పెట్టండి. యూపీఐ పిన్ను మాత్రం మీరే కొట్టండి. మొదటిసారి ఐదు వందలు జమ చేయండి, ఖాతా పరిమితి కూడా ఐదు వందలే రాయండి, ముగింపు తేదీ వారం పెట్టండి. వారం తరువాత ఎన్ని సీసాలు అమ్మారో, ఎన్ని రూపాయలు పోయాయో కాగితం మీద రాసుకుని మన సంఘం ఆఫీసుకు రండి. ఇద్దరం కూర్చుని చూద్దాము.